నోట్లో కొవ్వు (వెలివాడ ఒళ్ళు – 7వ భాగం)



పోయిన భాగంలో నాట్లేసే ఆడవాళ్ళ నడుముల గురించి రాశాను. ఈ వారం నోటి గురించి రాస్తున్నాను.

చుండూరు పేరు వినగానే మీకు 1991 ఆగస్టు 6 గుర్తొస్తుంది. గుర్తు రావాలి కూడా. ఎనిమిది మందిని నరికి, గోతాల్లో కుక్కి, కాలవలో పారేసిన రోజది. ఊళ్ళో రక్తక్షేత్రం ముందు నిలబడి పిడికిలెత్తిన వాళ్ళు ఇది చదివేవాళ్ళలో చాలామంది ఉంటారు. కానీ ఈ వారం నేను చెప్పబోయేది చుండూరులో ఎవరూ చంపని ఒక మనిషి గురించి. మా పెద్దమ్మ. బతికే ఉంది, నిన్న కూడా ఫోన్లో నన్ను తిట్టింది. ఆమె ఎడమ బుగ్గ లోపల ఆరేళ్ళపాటు ఒక కొవ్వు గడ్డ ఉంది. 2025 ఫిబ్రవరిలో తీయించాం. అది క్యాన్సరు కాదు. ప్రాణం తీసేదీ కాదు. వైద్య పుస్తకాల్లో దాని పేరు లైపోమా.

ప్రమాదం లేని గడ్డకి ఇంత పెద్ద వ్యాసమా అంటారా? ఆ గడ్డ గురించి ఐతే రెండు పేరాలు చాలు. నేను పోట్లాట పెట్టుకున్నది గడ్డతో కాదు, ఒక మాటతో. ఆపరేషన్‌కి ముందు కాయితాలు రాసుకుంటూ ఒక కుర్ర డాక్టరు మా పెద్దమ్మతో అన్న మాట అది. "ఇన్నాళ్ళూ ఏం చేశావమ్మా? మీవాళ్ళెప్పుడూ ఇంతే. ముదరబెట్టుకుని వస్తారు. బొత్తిగా అవగాహన ఉండదు."

ఆయన వయసు ఇరవై ఆరు ఉంటుందేమో. ఆమెకు యాభై ఎనిమిది. 'నువ్వు' అన్న సంగతి పక్కన పెడదాం. 'మీవాళ్ళు' ఎవరు? 'ఇన్నాళ్ళూ' అంటే ఎన్నాళ్ళు? 'అవగాహన' ఎవరికి లేదు? ఈ మూడు ప్రశ్నలకే ఈ భాగం.

ముందు గడ్డ సంగతి. తెలియకుండా కోపగించుకోవడం మన అలవాటు కాకూడదు.

లైపోమా అంటే కొవ్వు కణాలు ఒకచోట పోగై, చుట్టూ పల్చటి తొడుగు కట్టుకుని మెల్లగా పెరిగే కణితి. వీపు మీద, భుజాల మీద, మెడ మీద మీరు చాలామందికి చూసే ఉంటారు. ఒంట్లో మెత్తటి కండరభాగాల్లో వచ్చే కణితుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే. నోట్లో మాత్రం అరుదు. నోట్లో వచ్చే ప్రమాదం లేని కణితులన్నీ లెక్కేస్తే నూటికి 1 నుంచి 4 దాకా ఇవి ఉంటాయని పుస్తకాలు చెబుతాయి. ఎక్కువగా నలభై దాటినవాళ్ళకు వస్తుంది. బుగ్గ లోపలి వైపు ఎక్కువ. నాలుక మీద, పెదవి లోపల, నాలుక కింద కూడా వస్తుంది. పైపొర పల్చగా ఉంటే పసుప్పచ్చగా, మీద సన్నటి రక్తనాళాలతో కనిపిస్తుంది. నొప్పి ఉండదు. దీన్ని కనిపెట్టి కూడా చాలాకాలమైంది. రూ అనే ఫ్రెంచి సర్జను 1848లోనే చిగుళ్ళ దగ్గర వచ్చే పసుపు గడ్డ అని దీని గురించి రాశాడు. మన దేశంలో సిపాయిల తిరుగుబాటుకన్నా ముందు సంగతి.

ఇంకో ముక్క గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. లైపోమాలోని కొవ్వు తిండి ఎక్కువై పట్టిన కొవ్వు కాదు. మనిషి పస్తులుండి ఎముకల గూడైనా, ఒంటికి ఆ కొవ్వు అక్కరకు రాదు. మిగతా ఒళ్ళంతా కరుగుతుంది, అది కరగదు. మా పెద్దమ్మ నలభై రెండు కిలోలు. గడ్డతో కలిపి.

ఇప్పుడు కొవ్వు అన్న మాట దగ్గరకొద్దాం. నేను తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి, మాటల్ని వదలను. కొవ్వెక్కింది, కొవ్వు పట్టింది, బలిసింది, మదించింది. తెలుగులో ఈ మాటలు ఎవరి మీద వాడతారో ఎప్పుడైనా గమనించారా? ఎకరాల మీద ఎకరాలున్నవాడిని కొవ్వెక్కాడని ఊళ్ళో ఎవరూ అనరు. 'కలిగినవాడు' అంటారు. కొవ్వెక్కేది ఎప్పుడూ పల్లెలోవాళ్ళకే. ఇస్త్రీ చొక్కా వేసుకుంటే కొవ్వు. సినిమా హాల్లో ముందు కుర్చీకి కాలు తగిలితే కొవ్వు. చుండూరు గొడవ మొదలైంది సినిమా హాల్లో కాలు తగిలిన దగ్గరే. డిగ్రీ చదివిన దళిత యువకుడి కాలు అది. ఆ ఒక్క కాలికి ఊరు ఊరంతా సాంఘిక బహిష్కరణ పెట్టింది, కూలికి పిలవడం మానేసింది, దాదాపు నెలకే ఎనిమిది పీకలు తెగాయి. కొవ్వు అన్న మాట ఎంత దూరం పోతుందో చుండూరుకు చెప్పక్కర్లేదు.

మా పెద్దమ్మ నాట్ల ముఠాకు పెద్ద. ఇరవై మంది ఆడవాళ్ళ తరఫున ఎకరాకి ఇంత అని బేరం ఆడేది ఆమే. ఒక సార్వాకి బేరం తెగక వాదిస్తుంటే, బుగ్గ ఉబ్బి ఉండటం చూసి ఒక ఆసామి గట్టు మీద నుంచి అన్నాడట. "దీనికి ఒంట్లో చాలక నోట్లోక్కూడా ఎక్కిందే కొవ్వు." గట్టు మీదవాళ్ళు నవ్వారు. మడిలోవాళ్ళు కొందరు కూడా నవ్వారట, నవ్వకపోతే బాగుండదని. అప్పటికి అది నిజంగానే కొవ్వని ఆమెకు తెలియదు, ఆసామికీ తెలియదు. ఆ ఏటి నుంచి బేరానికి ఆమె పోలేదు, చెల్లెల్ని పంపింది. నోరున్న మనిషి నోరు మూసుకుంది. ప్రమాదం లేని గడ్డ చేసిన మొదటి ప్రమాదం ఇది. ఏ కేసు షీటులోనూ దీనికి గడి ఉండదు.

ఇప్పుడు 'ఇన్నాళ్ళూ ఏం చేశావమ్మా' అన్నదానికి జవాబు. వరసగా చెబుతాను.

2018 క్రిస్మస్ ముందు బుగ్గలో రేగ్గింజంత గడ్డ తగిలింది. ఆరెంపీ డాక్టరుకు చూపించుకుంది. సూది వేసి, నాలుగు రోజులకు మాత్రలిచ్చాడు. ఆయన్ని నేనేమీ అనను. అర్ధరాత్రి పిలిచినా పల్లెలోకి వచ్చేది ఆయనొక్కడే. ఇది ఒకటి.

2019 ఎండాకాలంలో ఒక సర్కారు ఆసుపత్రికి పోయింది. బల్లకు అవతల కుర్చీలో ఉన్న డాక్టరు నోరు తెరవమని, కూర్చున్న చోటు నుంచే సెల్‌ఫోను లైటు వేసి చూసి, పన్ను వాపని రాశాడు. అక్కడ పళ్ళ డాక్టరు లేడు, పళ్ళ కుర్చీ లేదు. ఇది రెండు.

పన్ను వాపన్నారు కదా అని టౌనులో పళ్ళ డాక్టరు దగ్గరకు పోయింది. గడ్డ పక్కనున్న దవడ పన్ను పీకి పంపారు. మంచి పన్ను. మూడు రోజుల కూలి పోయింది. గడ్డ అక్కడే ఉంది. ఇది మూడు.

2020లో కరోనా. ఆ ఏడాది గురించి నన్నడక్కండి.

2022లో గడ్డ ఉసిరికాయంత అయ్యి పళ్ళ మధ్య పడటం మొదలైంది. అన్నం నమిలితే కరుచుకోవడం, పుండు పడటం. ఈసారి పెద్ద ఆసుపత్రి. పసుపు కమ్మలు తాకట్టు పెట్టి పోయారు. చేతిలో ఉన్న కార్డు దీనికి పనికిరాదన్నారు. కౌంటరు దగ్గరే నిలబెట్టి, నోట్లో గడ్డంటే క్యాన్సరు కావచ్చు, స్కానింగు తీయాలి, ఇంతవుతుంది అన్నారు. ఆ 'ఇంత' వాళ్ళ దగ్గర లేదు. తిరిగొచ్చేశారు. ఇది నాలుగు.

క్యాన్సరు కావచ్చు అన్న మాట మాత్రం వాళ్ళతో పాటు ఇంటికొచ్చింది. రెండేళ్ళకు పైగా మా పెద్దమ్మ చావబోయే మనిషిలాగే బతికింది. ఇత్తడి బిందె చిన్నకోడలికి, కుట్టుమిషను మనవరాలికి అని పంచిపెట్టింది. సంఘంలో ప్రార్థన పెట్టించారు. ఎవరో ఆకు పసరులో సున్నం కలిపి రాస్తే బుగ్గంతా పొక్కి వారం రోజులు గంజి మీద ఉంది. ఇది ఐదు.

లెక్క తేలిందా డాక్టరుగారూ? ఆమె ఊరికే కూర్చోలేదు. ఐదు గుమ్మాలెక్కింది. ఐదు చోట్లా డబ్బో, కూలో, పన్నో, చర్మమో పోగొట్టుకుంది. ఆలస్యంగా వచ్చింది ఆమె కాదు. మొదటి నెలలోనే వచ్చిన మనిషిని ఆరేళ్ళు తిప్పి, ఆరో ఏట ఇన్నాళ్ళూ ఏం చేశావని అడిగింది మీరు.

ఇక్కడ అసలు విషయం. ఆ ఆరేళ్ళలో ఆమె నోట్లో ఒక్క డాక్టరు కూడా వేలు పెట్టి చూడలేదు.

ఇదేదో సెంటిమెంటు మాట అనుకోకండి. ఇది రోగనిర్ధారణకు సంబంధించిన ముక్క. నోట్లో గడ్డ ఏదైనా సరే, కళ్ళతో చూడటం సగం పని మాత్రమే. మిగతా సగం తాకి చూడటం. గ్లవుజు వేసుకున్న వేలు లోపల, రెండో చేతి వేళ్ళు బుగ్గకు బయట పెట్టి, మధ్యలో గడ్డను పట్టి చూడాలి. లైపోమా అయితే మెత్తగా పిండిముద్దలా ఉంటుంది. అంచు మీద నొక్కితే వేలి కింద నుంచి జారుతుంది. చర్మానికీ ఎముకకూ అంటుకుని ఉండదు. నీటి బుడగ వేరేలా తగులుతుంది, లాలాజల గ్రంథి కణితి వేరేలా గట్టిగా తగులుతుంది, క్యాన్సరు పుండు అంచులు గట్టిపడి కింద కండకు అతుక్కుని ఉంటాయి. ఇది వేలికి తెలిసినంతగా కంటికి తెలియదు, సెల్‌ఫోను లైటుకు అసలు తెలియదు. పళ్ళ డాక్టరు చదువులో మొదట్లోనే నేర్పే పాఠం ఇది. ఇరవై సెకన్ల పని.

తాకకుండా తేలని జబ్బు ఒకటి, తాకడం దగ్గరే ఆగిపోయే దేశం ఒకటి.

నోటికీ అంటుకీ ఉన్న సంబంధం మనకు కొత్త కాదు. చెరువు గట్టు మీద కూర్చోబెట్టి పైనుంచి దోసిట్లోకి నీళ్ళు పోసింది ఎందుకు? చెంబు నోటికి తగలకూడదని. టీ కొట్లో మనకు వేరే గ్లాసు ఎందుకు? మన పెదవి ఆనిన గ్లాసుకు వాళ్ళ పెదవి ఆనకూడదని. పీష్వాల పాలనలో పూణేలో అంటరానివాళ్ళు ఉమ్ము నేల మీద పడకుండా మెడలో ముంత కట్టుకు తిరగాల్సి వచ్చిందని బాబాసాహెబ్ 'కుల నిర్మూలన'లో రాశారు. అంటరానితనంలో అన్నిటికన్నా అంటరానిది మన నోరే. చేయి పట్టుకుని పని చేయించుకుంటారు, నోటి దగ్గరకు వచ్చేసరికి దూరం కొలుస్తారు.

బాబాసాహెబ్ ఇంకో చోట రాసింది మీలో ఎంతమంది చదివారు? 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో డాక్టరు గురించిన భాగం. కథియవాడ్‌లో ఒక దళిత పంతులు భార్యకు కాన్పయ్యాక జబ్బు చేస్తుంది. డాక్టరు వాడలోకి రానంటాడు. పెద్దమనుషులు చెబితే, రెండు రూపాయల ఫీజుకు హామీ దొరికాక, మనిషిని వాడ బయటకు తెస్తే చూస్తానంటాడు. వచ్చి థర్మామీటరు ఒక ముస్లిం చేతికిస్తాడు. ఆయన భర్త చేతికిస్తాడు, భర్త భార్యకు పెడతాడు. మళ్ళీ అదే వరసలో వెనక్కి. డాక్టరు దీపం వెలుగులో దాన్ని చూసి, నిమోనియా అని చెప్పి వెళ్ళిపోతాడు. మళ్ళీ రాలేదు. ఆమె చనిపోయింది. ఆ పంతులు రాసిన ఉత్తరం 1929 డిసెంబరులో 'యంగ్ ఇండియా'లో అచ్చయింది.

1929లో థర్మామీటరు చేతులు మారింది. 2019లో సెల్‌ఫోను లైటు బల్ల దాటింది. మధ్యలో రాజ్యాంగం వచ్చింది, 17వ అధికరణం వచ్చింది, 1989 చట్టం వచ్చింది. బల్ల మాత్రం అక్కడే ఉంది.

నాకు తెలుసు, ఇక్కడ కొందరు డాక్టరు మిత్రులు నొచ్చుకుంటారు. "రోజుకు వంద మందిని చూస్తాం, కులం అడిగే తీరిక కూడా ఉండదు" అంటారు. నిజమే కావచ్చు. ఆ నలుగురూ కులం చూసే ముట్టుకోలేదని నేను రుజువు చేయలేను. రుజువు చేయగలనని చెప్పను కూడా. నా వాదన వేరు. కులం డాక్టరు మనసులోనే కాపురం ఉండనక్కర్లేదు. ఏర్పాటులో ఉంటే చాలు. ఎవరి ఊరి ఆసుపత్రిలో పళ్ళ కుర్చీ ఉండదు? ఎవరికి సెలవు పెడితే ఆ రోజు అన్నం ఉండదు? ఎవరిని కౌంటరు దగ్గరే నిలబెట్టి క్యాన్సరు అని చెప్పి పంపేయొచ్చు? ఎవరి బట్టలు, మాట యాస, బురద కాళ్ళు చూడగానే ఇరవై సెకన్లు వృథా అనిపిస్తాయి? కారు దిగిన మనిషి నోట్లో వేలు పెట్టడానికి దొరికే టైము, కాలినడకన వచ్చిన మనిషికి ఎందుకు దొరకదు? కులం అడగకుండానే కులం తెలిసిపోయే దేశంలో, అడగలేదు కాబట్టి చూడలేదు అనడం చెల్లదు.

'ఆలస్యం' అన్న మాటతో కూడా నాకు పాత పేచీ ఉంది. నేను మూడేళ్ళవాణ్ణి ఉన్నప్పుడు జరిగిన చుండూరు హత్యలకు, ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారించి, తీర్పిచ్చింది 2007 జులై 31న. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. పదహారేళ్ళు పట్టింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు వాళ్ళందర్నీ నిర్దోషులని వదిలేసింది. ఇరవై మూడో ఏట. కేసు అక్కణ్ణుంచి సుప్రీంకోర్టుకు పోయింది. ఈ పదహారేళ్ళకు, ఇరవై మూడేళ్ళకు ఎవరైనా 'అవగాహన లేదు' అన్నారా? 'ముదరబెట్టుకుని వచ్చారు' అని ఏ వ్యవస్థనైనా నిలదీశారా? లేదు. వ్యవస్థ చేస్తే దాన్ని ప్రక్రియ అంటారు. మా పెద్దమ్మకు జరిగితే అజ్ఞానం అంటారు.

ఇక ఆపరేషన్ సంగతి. దీన్ని వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే భయం పోవాలి.

2025 జనవరిలో నేనే బలవంతంగా తీసుకుపోయాను. చుండూరులో రైలెక్కి తెనాలి, అక్కణ్ణుంచి బస్సు. పళ్ళ డాక్టర్లను తయారుచేసే ఒక కాలేజీ ఆసుపత్రి. నోరు-దవడల సర్జరీ విభాగంలో ఒక పీజీ డాక్టరమ్మ ఉంది. "పెద్దమ్మా, నోరు తెరవండి, వేలు పెట్టి చూస్తాను, నొప్పైతే చెయ్యెత్తండి" అంది. అంతే. గడ్డను రెండు చేతులతో పట్టి చూసింది, మెడ కింద బిళ్ళలు కట్టాయేమో తడిమింది. తర్వాత తలెత్తి, "ఇది కొవ్వు గడ్డలాగే ఉంది, భయం లేదు, ఐనా తీసి పరీక్షకు పంపుదాం" అంది. రెండేళ్ళ చావుభయం నిమిషంలో సగం దిగింది. మా పెద్దమ్మ ఆమె చేయి వదల్లేదు. ఆ డాక్టరమ్మ కులం నేనడగలేదు. అడగాల్సిన పని పడలేదు.

రక్తపరీక్ష, బీపీ, షుగరు చూశారు. పూర్తి మత్తు అక్కర్లేదు. గడ్డ చుట్టూ లిగ్నొకైన్ సూది వేశారు. 1943లో స్వీడన్‌లో తయారైన మందు ఇది, ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది, ఖరీదు కూడా తక్కువే. రక్తం తక్కువ కారడానికి అందులో ఆడ్రినలిన్ కలిపి ఉంటుంది. బుగ్గ లోపలి పొర మీద చిన్న గాటు పెట్టి, గడ్డ చుట్టూ ఉన్న తొడుగు చెదరకుండా మెల్లగా విడదీసుకుంటూ పోతే గడ్డ మొత్తం ముద్దగా బయటికొచ్చేస్తుంది. జాగ్రత్త పడాల్సింది రెండు చోట్ల. పైవరస రెండో దవడ పన్నుకు ఎదురుగా బుగ్గలో లాలాజల నాళం తెరుచుకుంటుంది, అది తెగకూడదు. ముఖానికి కదలికనిచ్చే నరాల కొమ్మలు కూడా ఆ దగ్గర్లోనే పోతాయి. అందుకే ఇది ఆరెంపీ చేతులతోనో, ఇంట్లో బ్లేడుతోనో చేసే పని కాదు. కరిగిపోయే కుట్లు నాలుగు వేశారు. మొత్తం అరగంట పట్టింది. వారం మెత్తటి తిండి, ఉప్పు నీళ్ళ పుక్కిలింత. అయిపోయింది.

తీసిన గడ్డను ఫార్మలిన్ సీసాలో వేశారు. కండ ముక్క ఐతే మునుగుతుంది. ఇది తేలింది. డాక్టరమ్మ సీసా ఎత్తి చూపించి, "చూశారా, కొవ్వే" అంది. ఐనా మైక్రోస్కోపు కింద చూసేదాకా మాట ఖాయం కాదు, ఎందుకంటే అరుదుగా కొవ్వు కణాల నుంచి పుట్టే క్యాన్సరు కూడా ఉంటుంది. కొన్ని లైపోమాలు కండరంలోకి వేళ్ళు చొచ్చి ఉంటాయి, అవి మళ్ళీ రావచ్చు. మామూలువి పూర్తిగా తీస్తే మళ్ళీ రావడం చాలా అరుదు. మా పెద్దమ్మ రిపోర్టులో మామూలు లైపోమా అనే వచ్చింది. రిపోర్టు చదివి చెప్పినప్పుడు ఆమె అడిగిన మొదటి మాట: "అయితే ఆ బిందె మళ్ళీ అడగొచ్చంటావా?"

ఇప్పుడు నా సంగతి. వాళ్ళను తిట్టి నన్ను నేను వదిలేస్తే అది మోసం.

నేను తెలుగు సాహిత్యంలో డాక్టరేటు చేశాను. సిద్ధాంత గ్రంథం దళిత కథల మీద. 'గొంతు', 'స్వరం', 'నోరు లేనివాళ్ళ నోరు' అన్న మాటలు అందులో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఆ రాసిన ఏళ్ళలోనే మా పెద్దమ్మ ఒకవైపే నములుతోంది. పండక్కి పోయినప్పుడల్లా ఆమె పక్కనే కూర్చుని అన్నం తిన్నాను. "ఏదీ పెద్దమ్మా, నోరు తెరువు" అని ఒక్కసారీ అడగలేదు. ఆమె నోరు నాకు ఉపమానంగా పనికొచ్చింది, నోరుగా కనపడలేదు.

ఉద్యమంగా మనమూ అంతే. పీక తెగితే వస్తాం, పోస్టుమార్టం దగ్గర ధర్నా చేస్తాం. చేయాలి. కానీ మనవాళ్ళు ఎక్కువమంది చస్తున్నది కత్తులతో కాదు. ఆరేళ్ళ తిప్పటతో, పీకిన మంచి పళ్ళతో, కౌంటరు దగ్గర విన్న ఒక్క మాటతో లోలోపల చస్తున్నారు. 'ప్రమాదం లేనిది' అని రిపోర్టులో రాసి ఉన్నంత మాత్రాన జీవితానికి ప్రమాదం లేనట్టు కాదు. వాడలో ఇవాళ నోట్లో గడ్డ ఉన్న ఇంకో మనిషికి అది కొవ్వు కాకపోవచ్చు, నిజంగా క్యాన్సరే కావచ్చు. పొగాకు, చుట్ట, ఖైనీ, గుట్కా ఉన్న నేల మనది. మా పెద్దమ్మకు ఆరేళ్ళు పోయినా ప్రాణం మిగిలింది. క్యాన్సరు ఉన్న మనిషికి ఆరేళ్ళుండవు. వేలు పెట్టని ఆ ఇరవై సెకన్లే అక్కడ హత్య.

అందుకని విద్యార్థి మిత్రులకు, కార్యకర్తలకు నాలుగు పనులు.

ఒకటి. ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ నోటి పరీక్ష చేయాలని జాతీయ ఆరోగ్య కార్యక్రమంలో ఇప్పటికే రాసి ఉంది. ఆశా వర్కరు చేతిలో ఉండే ఫారంలో నోటి గురించి ప్రశ్నలున్నాయి. మీ వాడలో అది ఎప్పుడు జరిగిందో అడగండి. ఫారం నిండిందా, నోరు తెరిచి చూశారా అన్నది విడివిడిగా అడగండి.

రెండు. నోట్లో గడ్డతో వెళ్ళే మనిషి వెంట మీరు వెళ్ళండి. డాక్టరును మర్యాదగా, స్పష్టంగా అడగండి: "వేలు పెట్టి చూడండి. మెడ కూడా తడిమి చూడండి. చూసినట్టు చీటీ మీద రాయండి." ఇది దబాయింపు కాదు, రోగి హక్కు.

మూడు. రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, గట్టిగా కదలకుండా ఉన్న గడ్డ, రక్తం కారడం, పెదవి మొద్దుబారడం, నోరు తెరుచుకోకపోవడం, మెడలో బిళ్ళ, వీటిలో ఏది ఉన్నా పసర్లు, ప్రార్థనలు తర్వాత, ముందు బయాప్సీ. మెత్తగా, నొప్పి లేకుండా, మెల్లగా పెరుగుతున్న గడ్డ ఐతే భయపడొద్దు, అలాగని వదిలేయొద్దు. చిన్నగా ఉన్నప్పుడు తీస్తే గాటు చిన్నది.

నాలుగు. మండలానికొక పళ్ళ కుర్చీ, దానికొక డాక్టరు, ఒక లిగ్నొకైన్ పెట్టె, ఒక ఫార్మలిన్ సీసా, ఆ సీసాను జిల్లా ల్యాబుకు చేర్చే మనిషి. దీనికి కోట్లు అక్కర్లేదు. రాష్ట్రంలో విజయవాడలో, కడపలో ప్రభుత్వ దంత వైద్య కాలేజీలున్నాయి. ఏటా అక్కడి నుంచి పళ్ళ డాక్టర్లు బయటికొస్తున్నారు. వాళ్ళలో మన పిల్లలూ ఉన్నారు. వాళ్ళకు ఉద్యోగాల్లేవు, మనకు డాక్టర్లు లేరు. ఈ రెండూ కలపమని అడగడానికి వచ్చే ఆగస్టు 6 సభలో ఒక తీర్మానం పెడదాం. ఎనిమిది మంది సమాధుల దగ్గర పళ్ళ కుర్చీ అడగడం చిన్నతనం అనిపించిందా? నాకు అనిపించలేదు. వాళ్ళు చచ్చిపోయింది మనం మనుషుల్లా బతకాలని.

పోయిన వారం ఆదివారం చుండూరు పోయాను. మినుము పీకుడు అయిపోయి ఆడవాళ్ళు అరుగుల మీద ఉన్నారు. మా పెద్దమ్మ జామకాయ కొరుకుతోంది, ఎడమవైపు. పీకేసిన పన్ను లేని చోట ఇబ్బంది పడుతూనే కొరుకుతోంది. ఈ సార్వాకి నాట్ల బేరానికి తనే పోతానంటోంది. "ఆసామి మళ్ళీ కొవ్వు అంటేనో?" అన్నాను.

"తీసేశారు, సీసాలో ఉంది, కావాలంటే తెచ్చిస్తానని చెప్తాలే నాయనా."

వచ్చే భాగంలో కళ్ళజోడు గురించి.

జై భీమ్.